ముక్కోటినాడు మంచుకొండ మీద

మంచులో నడక గురించి సంబరంగా రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఎర్ర టోపీ, వెనకాల తెల్ల కొండ, పైకెత్తిన రెండు వేళ్ళు: అలాంటి ఫొటోలు మీరు వాట్సాప్‌లో చూసే ఉంటారు. నేనలా రాయలేను. నాకు భయం. ఎత్తంటే భయం, జారుడంటే భయం, హైవే మీద పక్కనుంచి ట్రక్కు వెళ్తే భయం. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. అంటే ఎవరైనా ఏదైనా కట్టి తెస్తే అది ఎక్కడ విరుగుతుందో ముందుగా ఊహించి భయపడటమే ఇన్నేళ్ళూ నా ఉద్యోగం. రిటైరయ్యాక జీతం ఆగింది గాని భయం ఆగలేదు. న్యూయార్క్ రాష్ట్రంలోని కాట్‌స్కిల్స్ కొండలకి చలికాలంలో వెళ్ళని వాళ్ళ కోసం, వెళ్దామా వద్దా అని ఊగిసలాడే వాళ్ళ కోసం, ఓ పిరికిదాని కళ్ళకి కనిపించినంత మేరకు చెప్తాను.

న్యూజెర్సీలో మేముండే ఎడిసన్‌లో మాకో నడక సంఘం ఉంది. ఎండాకాలం పార్కులో నడుస్తాం, చలికాలం దుకాణాలు తెరవకముందే మాల్‌లో చుట్లు తిరుగుతాం. నాయకుడు వేణుగోపాల్ గారు, వరంగల్ మనిషి, వంతెనలు కట్టిన ఇంజనీరు. ఆయన కూతురు కావ్య ఇక్కడే పుట్టి పెరిగింది, అకౌంటెంట్, సెలవు దొరికితే కొండలెక్కుతుంది. "మాల్‌లో వాకింగ్ వాకింగ్ కాదు డాడీ" అని తండ్రిని పోరి, ఈ ప్రయాణం పెట్టించింది ఆ పిల్లే. నా పేరు ఇచ్చింది మాత్రం మా సుభద్ర వదిన.

వదినంటే మా వారికి అక్క. మందుల కంపెనీలో కెమిస్టుగా చేసి రిటైరయ్యారు. ఇంట్లో అందరికంటే చదువుకున్నది ఆవిడే, అందరికంటే నిష్ఠగా ఉపవాసాలుండేదీ ఆవిడే. నేను ఈ దేశానికి కొత్తగా వచ్చి మంచులో కారు నడపలేక ఏడ్చినప్పుడు పక్క సీట్లో కూర్చున్నది ఆవిడే. మా పెద్దాడి కాన్పప్పుడు ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకున్నదీ ఆవిడే. ఎప్పుడూ ఒకటే మాట, "భయమెందుకే, నేనున్నాగా" అని. ఈసారీ అదే అని నా పేరు రాయించేశారు. నేను రానంటే వినలేదు.

గుడి నుంచి బయల్దేరాం

శుక్రవారం ముక్కోటి ఏకాదశి. కాదు, శనివారం. ఇక్కడే కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ కథంతా దీని మీదే నడిచింది. ఇండియాలో ముక్కోటి శనివారం పడింది. మా గుడి వాళ్ళు శుక్రవారం చేశారు. అక్కడికీ ఇక్కడికీ సూర్యోదయం ఒక్క వేళకి అవదు కాబట్టి తిథి ఒక్కోసారి ఇక్కడ ఒకరోజు ముందే వచ్చేస్తుందని పూజారి గారు ప్రతి ఏడూ మైకులో చెప్తారు. ప్రతి ఏడూ జనం తలూపి, బయటికొచ్చి, చెప్పులు వేసుకుంటూ "అయితే మనం ఏది పాటించాలండీ?" అని పక్కవాళ్ళని అడుగుతారు.

చీకటితోనే వదినా నేనూ ఉత్తర ద్వారం నుంచి దర్శనం చేసుకున్నాం. నేను ప్రసాదం రెండుసార్లు తీసుకున్నాను. వదిన తులసి తీర్థం పుచ్చుకుని, ఇక ఆ రోజుకి మంచినీళ్ళేనన్నారు. అది మామూలే, ఎవరూ ఆశ్చర్యపోలేదు. గుడి దగ్గరే రెండు వ్యాన్లు ఎక్కి ఉత్తరానికి బయల్దేరాం.

వ్యాన్‌లో పులిహోర, దోసకాయ పచ్చడి శాండ్‌విచ్‌లు, చేగోడీలు చేతులు మారుతూనే ఉన్నాయి. నేను కిటికీలోంచి రోడ్డు పక్కన మంచు ఎత్తు చూస్తున్నాను. న్యూజెర్సీ దాటేసరికి చీలమండ దాకా ఉన్నది, గంట గడిచేసరికి మోకాలి దాకా అయింది. ఇంకా పైకి వెళ్తే ఏమవుతుందో లెక్క కట్టుకుని చేగోడీ నమలటం ఆపేశాను.

దారిలో డైనర్

కాఫీకి ఒక చిన్న ఊళ్ళో ఆగాం. రేకు గోడల డైనర్, అంటే రోడ్డు పక్క చిన్న హోటలు, ఎర్ర సోఫాలు. వడ్డించే ఆవిడ తెల్లజుట్టు మనిషి, అందరినీ "హనీ" అంటోంది. కాఫీ మూడు డాలర్లు, కప్పు ఖాళీ అయితే అడక్కుండానే నింపుతుంది. ఎడిసన్‌లో మన హోటళ్ళలో సాంబారుకి మాత్రమే ఆ మర్యాద.

వదిన వేడినీళ్ళు అడిగారు. ఆవిడ నిమ్మచెక్క వేసి తెచ్చి, ఇంకేం వద్దా అంది. ఉపవాసమని కావ్య చెప్పింది. "మేమూ ఉంటాం, ఈస్టర్ ముందు నలభై రోజులు నేను చాక్లెట్ మానేస్తాను" అందావిడ.

"చాక్లెట్ మానేస్తే దేవుడికేం ఒరిగిందే?" అన్నారు వదిన నాతో తెలుగులో. నాకు నవ్వొచ్చింది. ఆవిడకేమో ఇంగ్లీషులో "చాలా కష్టం" అని సానుభూతి చూపించారు. వేడినీళ్ళకి డబ్బులు తీసుకోలేదు.

బరువు చెప్పమన్న మనిషి

కొండల మొదట్లో ఒక దుకాణంలో మంచు మీద నడిచే సరంజామా అద్దెకిస్తారు. స్నోషూస్ అంటే బ్యాడ్మింటన్ బ్యాట్లు కాళ్ళకి కట్టుకోవటం లాంటిది, కాలు మంచులో కూరుకుపోకుండా. రోజుకి ఇరవై డాలర్లు. వాటిలో సైజులు మనిషి బరువుని బట్టి ఉంటాయట. కౌంటర్ వెనక గడ్డం మనిషి కాగితం తీసుకుని, "మేడమ్, మీ బరువు?" అని దుకాణమంతా వినిపించేలా అడిగాడు.

మా గుంపులో అంతటి నిశ్శబ్దం నేనెన్నడూ వినలేదు. మన దగ్గర ఆడవాళ్ళని జీతమైనా అడగొచ్చు గాని బరువు అడగరు. ఒకావిడ మొగుణ్ణి బయటికి పంపి చెప్పింది. వేణుగోపాల్ గారు తనది పది పౌండ్లు తగ్గించి చెప్తే కావ్య పట్టుకుంది. "డాడీ, తక్కువ చెప్తే మీరే మునిగిపోతారు."

నేను ఉన్నదానికి పదిహేను పౌండ్లు కలిపి చెప్పాను. మునిగిపోవటం కంటే పరువు పోవటం నయం.

ఎలెన్ ఇల్లు

మేం దిగిన బస ఎలెన్ అనే ఆవిడది. కొండ కింద పాత చెక్క ఇల్లు, గదులు అద్దెకిస్తుంది. గుమ్మంలోనే బూట్లు విప్పమంది, దాంతో మావాళ్ళందరికీ ఆవిడ చుట్టమైపోయింది. డెబ్భై దాటిన మనిషి, ఒక్కతే ఉంటుంది. రాత్రి మాకోసం మాంసం తగలని గుమ్మడి సూప్ చేసింది. మావాళ్ళు అందులో ఆవకాయ కలుపుకుంటుంటే వచ్చి చూసి, వేలితో కొంచెం నాలిక్కి రాసుకుని, చాలాసేపు సింకు దగ్గర నిలబడిపోయింది.

ఎలెన్‌ది ఒకటే నియమం. చలికాలంలో తన ఇంట్లోంచి ఎవరూ ఖాళీ కడుపుతో కొండకి వెళ్ళకూడదు. శనివారం పొద్దున్న బల్ల దగ్గర నిలబడి ఒక్కొక్కరి ప్లేటూ చూసింది. పాన్‌కేక్‌లు, ఆ ఊరి చెట్ల నుంచి తీసిన మేపుల్ పాకం. బెల్లం పాకానికి దగ్గరి చుట్టం, కాస్త పొగవాసన. నేను నాలుగు తిన్నాను. చచ్చిపోతే కడుపు నిండుగా చస్తాను కదా అనుకున్నాను, అబద్ధమెందుకు.

వదిన అందరికంటే ఆఖర్న దిగి వచ్చారు. "టిఫిన్ చెయ్యరా వదినా?" అన్నాను.

"నాది అయిందే."

మాదిద్దరిదీ ఒకటే గది. నేను స్నానానికి వెళ్ళినప్పుడు పారణ చేసుకుని ఉంటారు, సంచిలో అటుకులు తెచ్చుకున్నారు కదా అనుకున్నాను. ఎలెన్ అడిగితే కూడా నవ్వుతూ తలూపారు. ఎలెన్ సరేనని తలుపు తీసింది. ఆడపడుచుని "ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు" అని నిలదీసే అలవాటు మా ఇళ్ళల్లో లేదు. నేనూ ఊరుకున్నాను.

అడవిలోకి

దారి మొదట్లో ఒక బోర్డు ఉంది. మంచు పెచ్చులు రాలతాయి, దారి కనపడకపోవచ్చు, ఫోన్లు పనిచెయ్యవు, మీ ప్రాణానికి మీదే పూచీ అని. మిగతావాళ్ళు దాని ముందు ఫొటో దిగారు. నేను రెండుసార్లు చదివాను.

చెట్ల మధ్య నడుస్తుంటే మన కాళ్ళకి కట్టుకున్న స్నోషూస్ చప్పుడు తప్ప ఏమీ వినపడదు. నాకు అలవాటైన నిశ్శబ్దం కాదది. ఇంట్లో ఎంత నిశ్శబ్దంగా ఉన్నా ఫ్రిజ్ మోగుతుంది. ఇక్కడ ఉన్నట్టుండి ఎక్కడో ఒక కొమ్మ తుపాకీ పేలినట్టు విరుగుతుంది, మళ్ళీ ఏమీ ఉండదు. అలా విరిగినప్పుడల్లా నేను ఆగిపోయాను. ఎవరైనా వెనకబడితే ఆగమని అరిచాను. ఎలుగుబంట్లు ఉంటాయేమోనని అడిగాను. చలికాలం నిద్రపోతాయన్నారు. లేస్తేనో అని అడిగాను.

"ఇందిరమ్మా," అన్నారు వేణుగోపాల్ గారు వెనక్కి తిరిగి, "గిట్ల ప్రతి చెట్టు కాడ ఆపితే ఈడనే పొద్దుగూకుతది. ఏం కాదమ్మా. నిమ్మళంగ నడువుండ్రి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

దారిలో ఎదురైన అమెరికన్లు ప్రతివాళ్ళూ పలకరించారు. ఊళ్ళో లిఫ్ట్‌లో కలిస్తే నేల చూపులు చూసే వీళ్ళే అడవిలో చుట్టాలైపోతారు. పెద్ద నల్ల కుక్కతో దిగుతున్న ఒకాయన ఆగి, పైన గాలి లేచిందని, మధ్యాహ్నం దాటాక ఉండొద్దని చెప్పాడు. వేణుగోపాల్ గారు థాంక్స్ చెప్పి, "చూసి వచ్చుడే కదా" అని ముందుకి నడిచారు.

వదినా నేనూ చివర్న ఉన్నాం. మా వెనక కావ్య. ఎవరూ తప్పిపోకుండా ఆఖర్న నడవటం ఆ పిల్ల పని. మొదట్లో వదిన నన్ను ఆటపట్టిస్తూనే ఉన్నారు. "ఏమే, ఎలుగుబంటి వస్తే ముందు నిన్నే తింటుంది, నాలుగు పాన్‌కేకులు లోపలున్నాయి" అన్నారు. ఏటవాలు పెరిగేకొద్దీ ఆ మాటలు తగ్గాయి. ఆయాసమనుకున్నాను, నాకూ ఆయాసంగానే ఉంది.

కొండ అంచున

పైన చెట్లు అయిపోయి, ఒక రాతి అంచు వస్తుంది. అక్కణ్ణుంచి లోయంతా కనిపిస్తుందని, హడ్సన్ నది గీతలా మెరుస్తుందని కావ్య చెప్పింది. మాకేమీ కనపడలేదు. గాలికి మంచుపొడి లేచి ముఖాన కొడుతోంది. ముందు నడిచినవాళ్ళు ఒక బండ చాటున చేరి థర్మాస్‌లు తీస్తున్నారు.

వదిన వాళ్ళ దగ్గరికి వెళ్ళలేదు. దారి పక్కన మంచులో కూర్చుండిపోయారు. నేను ముందుకి వంగి చూశాను. నుదుటి మీద చెమట. మా ఊపిరి తగిలి మఫ్లర్లే గడ్డకట్టే చలిలో, ఆవిడ నుదుటి మీద నీళ్ళు కారుతున్నాయి. రెండు చేతి తొడుగులూ తీసి పక్కన పడేశారు.

"వదినా, తొడుక్కోండి. వేళ్ళు పోతాయి."

"ఉక్కగా ఉందే," అన్నారు. మాట ముద్దగా వచ్చింది. తర్వాత నావైపు చూసి, కోపంగా, "బస్సు వచ్చిందా?" అన్నారు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "వేణుగోపాల్ గారూ, ఇటు రండి, వదిన బాగోలేదు" అని అరిచాను.

ఆయన బండ దగ్గర్నించే చెయ్యూపారు. "అలసిపోయింది అంతే అమ్మా, జరసేపు కూసోనియ్యి. పొద్దటి సంది మీరు ఎన్నిసార్లు గిట్లనే అన్నరు?"

తప్పు ఆయనది కాదు. కొమ్మ విరిగితే అరిచాను, పిట్ట ఎగిరితే అరిచాను. ఇప్పుడు నిజంగా అరవాల్సిన వేళకి నా అరుపుకి విలువ లేకుండా పోయింది. వెనకే ఎక్కి వస్తున్న కావ్య మాత్రం నా ముఖం చూసి పరిగెత్తుకొచ్చింది.

నేను వదిన ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాను. "పొద్దున్న ఏం తిన్నారు?"

"ఏకాదశి కదే."

"ఏకాదశి నిన్న కదా. గుడిలో చేశాం కదా."

"మన ఊళ్ళో ఇవాళ."

గుడి చెప్పిన రోజు కాదంటే తప్పు, ఊరి పంచాంగం కాదన్నా తప్పు. ఏది పాటించాలో తేల్చుకోలేక, దేనికీ లోపం రాకూడదని ఆవిడ రెండు రోజులూ ఉపవాసమున్నారు. గుడి మెట్ల మీద అందరూ అడిగి వదిలేసే ప్రశ్నకి ఆవిడ ఇచ్చుకున్న జవాబు అది.

మా వారికీ వదినకీ ఇద్దరికీ షుగరు. ఆ మాట అప్పుడు గుర్తొచ్చింది. "వదినా, పొద్దున్న షుగరు మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నా. నిన్నా వేసుకున్నా." అదేం ప్రశ్న అన్నట్టు చూశారు. "మాత్రకి ఉపవాసమేమిటే?"

అన్నం లేని ఒంట్లోకి ఆ మాత్ర వెళ్తే ఏమవుతుందో నేను మా ఇంట్లో ఒకసారి కళ్ళారా చూశాను. మా వారు అలాగే చెమటలు పట్టి, అలాగే కోప్పడి, తర్వాత కళ్ళు తేలేశారు. ఆ రోజు ఇంటికి రెండు వీధుల అవతలే ఆసుపత్రి. ఇక్కడ ఫోన్ కూడా పనిచెయ్యదు. వదిన ఈ కొండ మీదే పోతారు, నా చేతుల్లోనే పోతారు అనుకున్నాను. మెత్తగా చెప్పటానికి నాకు మాటలు లేవు, అలాగే అనుకున్నాను.

"తియ్యనిది ఏదైనా," అన్నాను కావ్యతో.

కావ్య థర్మాస్ మూత తిప్పింది. హాట్ చాక్లెట్, పైన మార్ష్‌మెలోలనే తెల్లటి మెత్తని మిఠాయి ముక్కలు. వాటిలో జంతువుల ఎముకల సరుకు కలుస్తుందని వదినే నాకు చెప్పారు ఒకప్పుడు, కెమిస్టు కదా. కావ్యకీ తెలిసినట్టుంది, వేలితో వాటిని తీసి మంచులోకి విసిరేసింది. నేను కప్పు ఆవిడ పెదాలకి ఆనించాను. ఆవిడ నోరు బిగించి తల తిప్పేసుకున్నారు.

"ఆంటీ, ప్లీజ్ తాగండి, ఇది మెడిసిన్ అనుకోండి," అంది కావ్య.

తల అటే ఉంది. నాకు ఒక ఉపాయం తట్టింది. "వదినా, మన ఊళ్ళో తెల్లారిపోయింది. ద్వాదశి వచ్చేసింది. అక్కడ అందరూ పారణ చేసేశారు."

ఆవిడ కళ్ళు మూసుకుని పెదాలు కదిపారు. లెక్క కడుతున్నారు. "ఇక్కడ మధ్యాహ్నం," అన్నారు మెల్లగా. "అక్కడ అర్ధరాత్రి. ఇంకా తెల్లారలేదు."

నేనెవరో తెలియదు, కొండ మీద ఉన్నామని తెలియదు, ఎప్పుడో రావలసిన బస్సు కోసం చూస్తున్నారు. ఆ లెక్క మాత్రం తప్పలేదు. బతిమాలాను. మా వారి పేరు చెప్పి ఒట్టు పెట్టాను. బుగ్గలు నొక్కి నోరు తెరవబోతే నా వేలు కొరికారు. కళ్ళు పైకి వెళ్ళిపోతున్నాయి. మింగే శక్తి ఉన్నంతసేపే ఏదైనా పోయగలం, ఆ తర్వాత పోస్తే ఊపిరాడదు. ఇంకెంతసేపుందో తెలియదు.

అప్పుడు నేను ఏడ్చేశాను. ఉపాయమేమీ కాదు, ఇక చేతకాక. కప్పు పట్టుకుని పసిపిల్లలా వెక్కుతూ, "వదినా, నాకు భయంగా ఉంది. చాలా భయంగా ఉంది వదినా" అన్నాను.

ఆవిడ కళ్ళు తెరిచారు. నా ముఖం కోసం వెతుక్కున్నారు. తొడుగు లేని చెయ్యి, మంచులా చల్లగా, నా చెంప మీద పడింది.

"భయమెందుకే," అన్నారు. "నేనున్నాగా. ఏం చెయ్యాలో చెప్పు."

"ఇది తాగాలి."

తాగారు. గుక్కకీ గుక్కకీ మధ్య నా వంక చూసి, "తగ్గిందా?" అని అడుగుతూ తాగారు. లేదు వదినా, ఇంకా ఉంది అంటూ కప్పంతా తాగించాను. తర్వాత నా సంచిలో ఉన్న పల్లీ చిక్కీ కొరికి, మెత్తగా చేసి పెట్టాను. ఎంగిలని ఆవిడా అనలేదు, నేనూ అనుకోలేదు.

దిగటం

బండ చాటునుంచి అందరూ వచ్చేశారు. వేణుగోపాల్ గారి ముఖం పాలిపోయింది. తన కోటు విప్పి వదినకి చుట్టి, గాలికి అడ్డంగా తనే నిలబడ్డారు. "నేను పట్టించుకోకపోతినమ్మా," అన్నారు నాతో. నేను ఆయన చెయ్యి నొక్కాను.

కొంతసేపటికి వదిన చుట్టూ చూసి, "ఇదేమిటి, ఇందరు నన్ను చూస్తున్నారు?" అన్నారు. మాట శుభ్రంగా ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. కాని అది నిలవలేదు, ఎందుకంటే ఆ మాత్ర ఒంట్లో రోజంతా పనిచేస్తుంది, మళ్ళీ ఎప్పుడైనా షుగరుని కిందికి లాగెయ్యొచ్చు. వెలుతురు తగ్గుతోంది. ఎక్కినదంతా దిగాలి.

ఎక్కేటప్పుడు నేను చూడని లోయ దిగేటప్పుడు పక్కనే ఉంది. కావ్య ముందు, వదిన మధ్యలో, నేను వెనక ఆవిడ కోటు పట్టుకుని. ఒకచోట దారి గాజులా గడ్డకట్టింది. అక్కడ పెద్దవాళ్ళమంతా సిగ్గు విడిచి కూర్చుని జారాం. మామూలు రోజైతే అదొక పెద్ద నవ్వు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. ప్రతి మలుపులో ఆగి వదిన నోట్లో చిక్కీ ముక్క పెట్టాను. "పేరేమిటి? ఎక్కడున్నాం?" అని అడిగాను. మొదట విసుక్కుని, తర్వాత ఓపిగ్గా, అడిగినప్పుడల్లా చెప్పారు. ఒకసారి జవాబు రావటానికి ఆలస్యమైంది. ఆవిడ కోటు గట్టిగా లాగాను. నోట్లో చిక్కీ ఉండి మాట్లాడలేకపోయారట.

సగం దిగాక కావ్య ఫోన్‌కి సిగ్నల్ తగిలింది. మేం కిందికి చేరేసరికి ఆంబులెన్స్ ఎర్ర దీపాలు మంచు మీద తిరుగుతున్నాయి. ఆ రంగు చూసి ఇంత సంతోషిస్తానని ఎప్పుడూ అనుకోలేదు.

చిన్న ఆసుపత్రి

ఆ కొండల్లో ఆసుపత్రి మన ఎడిసన్‌లో సూపర్ మార్కెట్టంత ఉంటుంది. డాక్టరు కుర్రాడు. మాత్ర పేరు విని, తినలేదన్న మాట విని, పెన్ను కింద పెట్టేశాడు. రాత్రికి ఉంచి గ్లూకోజ్ ఎక్కించాలన్నాడు. ఇంకాసేపు ఆలస్యమైతే ఏమయ్యేదని నేను అడిగాను. అడగకుండా ఉండాల్సింది. ఆయన చెప్పాడు. అది నేనిక్కడ రాయను.

వదిన కుడిచేతి రెండు వేళ్ళు తెల్లబడ్డాయి, కట్టు కట్టారు. వాటికేమీ కాదన్నారు. ఎలెన్ పెద్ద గిన్నెలో సూప్ తీసుకుని తనే కారు నడుపుకుంటూ వచ్చింది. పొద్దున్న తన బల్ల దగ్గర అబద్ధమాడిన మనిషిని మంచం మీద చూసి, ఆవిడ పాదాలు దుప్పటితో కప్పి, పక్కన కూర్చుంది. వెళ్ళేముందు మాత్రం నాతో, "నేను ఇంకోసారి అడగాల్సింది" అంది. నేనూ అదే అనుకుంటున్నానని చెప్పాను.

ఎడిసన్ దారి

ఆదివారం మధ్యాహ్నం బయల్దేరాం. వదిన కిటికీ పక్కన, నేను ఆవిడ పక్కన. ఒక్క మాట లేదు. ఊహ తెలిసినప్పట్నుంచీ తప్పని ముక్కోటి ఉపవాసం నా చేతుల మీదుగా, హాట్ చాక్లెట్‌తో, నా ఎంగిలి చిక్కీతో చెడింది. ఆ కోపం ఈ జన్మకి పోదేమోనని భయపడుతూ కూర్చున్నాను. కొండ దిగినా నా భయం దిగలేదు.

ఎడిసన్ బోర్డులు కనపడుతుండగా ఆవిడ నావైపు తిరిగారు.

"వచ్చే ఏడు ముక్కోటి ఏ రోజో నువ్వే చెప్పవే."

"నేనా? నాకు తిథులేం తెలుసు వదినా?"

"తిథులు కాదు. నేను పస్తుంటే నీకు భయం వెయ్యని రోజు చూసి చెప్పు. ఆ రోజుంటా."

కట్టు కట్టిన చెయ్యి నా ఒళ్ళో పెట్టి, మళ్ళీ కిటికీలోకి చూడసాగారు. అలాంటి రోజు నా జీవితంలో రాదని ఆవిడకి బాగా తెలుసు.